ఒకరు ఎక్కువ

మా మామిడి తోటలో కాయలు లెక్కపెట్టే ముసలాయన పోయాడని మొన్న మంగళవారం కబురొచ్చింది. కబురు తెచ్చిన మనిషిని నేను అడిగిన మొదటి మాట, "దహనానికి ఎంతమంది వచ్చారు?" అని.

అతను బిత్తరపోయాడు. "ఎవరు లెక్కపెట్టారండీ? చాలామందే వచ్చారు" అన్నాడు.

"చాలామంది అనేది అంకె కాదు" అన్నాను.

దుఃఖంలో ఉన్న మనిషితో అనవలసిన మాట కాదది. నాకు తెలుసు, నా నోటికి తెలియదు. మద్రాసులో బి.ఏ. చదివిన నాటి నుంచీ ఎదుటివాళ్ల మాటలో తప్పెక్కడుందా అని వెతకడం నాకు అలవాటైపోయింది. మావారు దాన్ని జబ్బంటారు. కానీ ఆ ముసలాయన చావు గురించి విన్నప్పుడు ఎంతమంది వచ్చారని అడగడం తప్పు కాదు. బతికున్నన్నాళ్లూ ఆయన అడిగినది అదొక్కటే.

ఆయన పేరు రాయడం లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన లెక్క తాత. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి పలికేవాడు కూడా కాదు, ఇంకెవరినో అనుకునేవాడు. పొలం పనులు చేసుకు బతికిన మనిషిని 'ఆయన' అని రాస్తున్నందుకు మా బంధువుల్లో కొందరు మూతి తిప్పుతారు. తిప్పనీ.

మా నాన్నగారి కాలం నుంచీ మా తోటలో కోతలప్పుడు లెక్క ఆయనదే. రసాల కుప్ప ముందు గొంతుక్కూర్చుని, కుడిచేత్తో మూడు, ఎడమచేత్తో రెండు ఒక్కసారే ఎత్తి గడ్డి మీదకు జారవిడిచేవాడు. విసిరేవాడు కాదు. ఐదు కాయలు ఒక అంకె. మొదటి ఐదుకి 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ధాన్యం కొలిచినా కాయలు లెక్కపెట్టినా మా వైపు అంతేగా: లాభం, రెండు, మూడు. ఏడు దగ్గరికొచ్చేసరికి ఇంకో మెలిక. ఏడు అంటే ఏడవమన్నట్టుంటుందని 'ఆరున్నొక్కటి' అనాలి. ఏడంటే భయపడేవాళ్లు ఎనిమిదిని మాత్రం ఎలా నమ్ముతారని చిన్నప్పుడు ఆయనతో పోట్లాడేదాన్ని. "ఎనిమిది మనల్నేం అనలేదు గదండి అమ్మాయిగారూ" అనేవాడు, చేతులు ఆపకుండానే.

ఆ ముంజేతుల నిండా మామిడి సొన కాల్చిన మచ్చలు. కాయ చేతికి రాగానే తొడిమ దగ్గర ఒకసారి వాసన చూసేవాడు. అంత వాసన చూసే మనిషి మామిడిపండు మాత్రం తినేవాడు కాదు. ఎందుకు తినవని అడిగితే, "తిన్నదాన్ని ఏ కుప్పలో లెక్కెయ్యాలో తెలీదండి" అనేవాడు. ఎడమ చెవి వినపడదు. అందుకని ఎవరు మాట్లాడినా తల కుడి పక్కకి వాల్చి, కాయను చూసినట్టే మనిషినీ చూసేవాడు. వీడు పచ్చా, దోరా అని తేల్చుకుంటున్నట్టుండేది ఆ చూపు.

ఏ విషయమైనా సరే, ఆయన అభిప్రాయం అడిగితే వచ్చే జవాబు ఒకటే: "లెక్క తేలలేదండి." కొత్త కోడలు మంచిదేనా? లెక్క తేలలేదండి. ఈ ఏడు పూత నిలుస్తుందా? లెక్క తేలలేదండి. స్వరాజ్యం వచ్చిన రోజున స్కూలు దగ్గర జెండా ఎగరేసి పిప్పరమెంటు బిళ్లలు పంచారు. బిళ్ల బుగ్గన పెట్టుకుని తోటకొచ్చిన ఆయన్ని, "ఏం తాతా, ఎలా ఉంది స్వరాజ్యం?" అని అడిగాను. నాలిక మీద బిళ్లను ఇటు నుంచి అటు మార్చుకుని, "తియ్యగానే ఉందండి. ఇంకా కరగలేదు" అన్నాడు. లెక్క తేలలేదనకుండా ఆయన జవాబు చెప్పింది నాకు తెలిసి ఆ ఒక్కసారే.

నేను చెప్పదలుచుకున్నది ఆ మరుసటి ఏడాది సంగతి.

పూత మీదున్నప్పుడే జనం రావడం మొదలైంది. నైజాం సరిహద్దు మా ఊరికి దూరం కాదు. అవతల గొడవలు ముదిరేసరికి, కట్టుబట్టలతో కొందరు, బండ్ల మీద సామాను వేసుకుని కొందరు విస్సన్నపేట మీదుగా ఇటు వచ్చేశారు. ఆరు కుటుంబాలు మా తోటలో చెట్ల కింద దిగాయి. ఉండమన్నాం, ఉన్నారు. మా ఊళ్లో మాత్రం భయం పట్టుకుంది. వీళ్లెవరు, వీళ్ల వెనకాల ఎవరొస్తారు? బియ్యం రేషను, గుడ్డ రేషను, కిరసనాయిలు రేషను, అందులో వీళ్లొకళ్లా? రోజుకొక పుకారు. పొద్దు వాలితే తలుపులు వేసేసుకునేవాళ్లు.

మొదటి తగువు తోటలో బావి దగ్గరే వచ్చింది. మా కూలీల్లో కోటమ్మ అని ఒకావిడ ఉంది. ఆమె నోటికీ నా నోటికీ పందెం పెడితే నేను ఓడిపోతాను. "అటోళ్లు ముంచుకుపోతే ఇటోళ్లకి నాలిక తడుపుకోటానిక్కూడా నీళ్లుండవు. మీ నైజాంలో బావులు లేవటే?" అని బొక్కెన లాక్కుంది. అవతలి మనిషి నర్సమ్మ. ముప్ఫై ఏళ్లుంటాయి. "బావులున్నయక్కా. మేం లేం గదా ఆడ" అంది నెమ్మదిగా. కోటమ్మ బొక్కెన ఇవ్వలేదు గాని, ఆ తర్వాత తిట్టనూ లేదు.

ఆ సాయంత్రం లెక్క తాత నా దగ్గరికొచ్చి, "శనివారం కాయల పాకలో భజన పెడతానండి. ఇటోళ్లూ అటోళ్లూ వస్తారు" అన్నాడు.

"భజన చేస్తే బావిలో నీళ్లు పెరుగుతాయా?"

"పెరగవండి. పాడేటప్పుడు తిట్టుకోలేరు గదండి."

దేవుడితో నాకున్న తగువులు నాకున్నాయి. వాటిని పక్కనబెట్టి సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, వింత చూద్దామనే ఒప్పుకున్నాను.

కిరసనాయిలు లేదు కాబట్టి దీపం వేళకు ముందే భజన అయిపోవాలి. ఎండ చల్లబడ్డాక పాకలో చాపలు పరిచేవాళ్లు. ఆయనకు వచ్చింది ఒకటే వరస. రాముడి పాటైనా శివుడి పాటైనా ఆ వరసలోకే వంచేసేవాడు. అటువాళ్లకు వేరే వరసలు వచ్చు. ఒకే పాటను రెండు పక్షాలూ రెండు రకాలుగా పాడుతుంటే, మొదటి శనివారం చెట్ల మీద పిట్టలు కూడా లేచిపోయాయి. నేను ముక్కాలిపీట మీద కూర్చుని నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థా పడ్డాను. మూడో శనివారానికి ఎవరు ఎవరి వరస దొంగిలించారో తెలియదు గాని, వినడానికి పాటలాగే ఉంది.

"నీకసలు దేవుడున్నాడని నమ్మకముందా తాతా?" అని ఒకరోజు అడిగాను.

ఏమన్నాడో వేరే రాయనక్కర్లేదు.

భజన అయ్యాక ప్రసాదం. నానబెట్టిన పెసరపప్పు, బెల్లం ముక్క. పంచే ముందు ఆయన మనుషుల్ని లెక్కపెట్టేవాడు, కాయల్ని లెక్కపెట్టినట్టే పాటలా సాగదీస్తూ. ఎంతమందైతే అన్ని చిన్న కుప్పలు చేటలో పెట్టేవాడు. అక్కడే నాకు అనుమానం తగిలింది. ఒక శనివారం ఆయన లెక్క ఇరవై రెండు. నా లెక్క ఇరవై ఒకటి. నన్ను కలుపుకునే ఇరవై ఒకటి, ఆయన్ని కూడా కలుపుకునే. అంత తెలివితక్కువదాన్ని కాను. పంపకం అయ్యాక చేటలో ఒక కుప్ప మిగిలింది. పై వారం పద్ధెనిమిది మందిమి. ఆయన లెక్క పందొమ్మిది. మళ్లీ ఒక కుప్ప మిగిలింది.

ఎన్ని వేల కాయలు ఆ చేతుల మీదుగా పోయాయి! ఒక్క కాయ తేడా రావడం మా నాన్నగారు చూడలేదు, నేను చూడలేదు. అలాంటి మనిషి ఇరవై తలకాయల దగ్గర తప్పుతాడా? చూపు మందగించిందా? లేక, నా బుద్ధి ఇలాగే పోతుంది మరి, మిగిలిన కుప్ప తనే తినడానికా? రెండు వారాలు కాపు కాశాను. తినలేదు. కుప్పను అలాగే ఉంచేవాడు. దారిన పోయే బండివాడో, ముసునూరు నుంచి నడిచొచ్చే గాజులమ్మో వస్తే వాళ్ల చేతిలో పెట్టేవాడు. ఎవరూ రాకపోతే పొద్దున్న ఉడతలకు.

ఒకసారి ఆ కుప్ప కానిస్టేబుల్ చేతిలోకి వెళ్లింది. అటునుంచి వచ్చినవాళ్లు గుంపు కడుతున్నారని ఎవరో చెప్పినట్టున్నారు. భజన అయిపోయి కుప్పలు పెట్టే వేళకు సైకిల్ దిగి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏంటీ గుంపు? మీటింగా?"

"అవునండి" అన్నాడు లెక్క తాత. నేను పీట మీంచి సగం లేచాను.

"ఎవరు పెట్టించారు?"

"భయమండి."

"ఏంటీ?"

"భయం పెట్టించిందండి. ఎవరింట్లో వాళ్లం కూచుని భయపడేకంటే, అందరం ఒక్కచోట కూచుని భయపడదామని. మీరూ కూచోండి బాబూ."

కానిస్టేబుల్ అందర్నీ ఒక చూపు చూశాడు. పసిపిల్లలు, ముసలివాళ్లు, ముక్కాలిపీట మీద నేను. ఏమనుకున్నాడో, లాఠీ గుంజకు ఆనించి చాప చివర కూర్చున్నాడు. కొత్తగా పెళ్లయినవాడిలా ఉన్నాడు పాపం, మొహమాటం. అందరి లెక్కా అప్పుడే అయిపోయింది. అయినా అతనికి కుప్ప ఉంది. తిని, వెళుతూ వెళుతూ చేతులు జోడించి పోయాడు.

మరి నాకు నిద్ర పడుతుందా? ఆ పై శనివారం పాటను వదిలేసి ఆయన వేలినే చూస్తూ కూర్చున్నాను. దొరికింది. 'లాభం' అన్నప్పుడు ఆయన చెయ్యి ఏ మనిషి వైపూ వెళ్లలేదు. గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న చాప కొసను అరచేత్తో తాకింది. ఆ పక్కన కూర్చున్న మొదటి మనిషి దగ్గరికి వెళ్లేసరికి 'రెండు' అయిపోయింది.

లాభం అంటే ఒకటే గదా! అంటే ఈయన చాపను కూడా ఒక మనిషి కింద లెక్క కడుతున్నాడు. ఇన్ని వారాల నుంచి నన్ను తిప్పలు పెట్టిన లెక్క విడిపోయిన సంబరంలో, పంపకం అయ్యేదాకా ఎలాగో ఆగి నేను లేచి నిలబడ్డాను.

"తాతా, తప్పు దొరికింది! లాభం చాపకిచ్చి, మొదటి మనిషిని రెండంటున్నావు. ఎవరూ లేని చోటు లెక్కలోకి ఎలా వస్తుంది? అక్కడ ఎవరూ లేరు! అందుకే ప్రతివారం ఒకటి ఎక్కువ!"

పాకంతా నవ్వింది. ఆయన కూడా బోసినోటితో నవ్వాడు. నర్సమ్మ నవ్వలేదు. చేతిలో పెసరపప్పు అలాగే పట్టుకుని ఆ చాప కొస వైపు చూసింది. తర్వాత ప్రసాదం తన కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

నేనింకా సంబరంలోనే ఉన్నాను. కోటమ్మ నన్ను పాక వెనక్కి పిలిచింది.

"ఎంత పని చేశారండీ అమ్మాయిగారూ! తెలిసి అన్నారా, తెలీక అన్నారా?"

అప్పుడు చెప్పింది. నర్సమ్మ మొగుడు వాళ్లను ఇక్కడ దింపిన మర్నాడే, వదిలేసి వచ్చిన ఎడ్లను తోలుకొస్తానని సరిహద్దు దాటి వెనక్కి వెళ్లాడట. తిరిగి రాలేదు. మొదటి శనివారం చేటలో కుప్ప మిగిలితే, నర్సమ్మ ఇదెవరిదని లెక్క తాతను అడిగిందట. "ఉండనియ్యమ్మా, వచ్చేవాళ్లున్నారు" అన్నాడట ఆయన. ఆమె పట్టుకుంది ఆ మాటనే. తాత తన మొగుణ్ణి లెక్కలో ఉంచాడు, అంత గట్టి లెక్క మనిషి లేనివాణ్ణి లెక్కపెట్టడు కదా అని. ఈలోగా నర్సమ్మ బావ, ఆమె పెనిమిటికి అన్న, బండ్లవాళ్ల నోట ఒక వార్త విన్నాడు: తమ్ముణ్ణి దారిలోనే చంపేశారని. కర్మ చేయాలి, ఈమె గాజులు తీయాలి అని అతను. తాత లెక్కలో ఉన్నాడు, తీయను అని ఈమె. నెలరోజుల నుంచీ ఇదే నడుస్తోందట.

"ఆ లెక్కే తప్పని మీరు పదిమందిలో చెప్పేశారు. ఎల్లుండి సోమవారం గాజులు తీయిస్తానంటున్నాడు వాళ్ల బావ. ఇంకేం చెప్పి ఆపుద్ది ఆవిడ?" అంది కోటమ్మ. ఆ బొక్కెన లాక్కున్న కోటమ్మే.

ఆ రాత్రి నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. ఆదివారం పొద్దున్నే తోటకు వెళ్లాను. ఆయన చెట్ల కింద రాలిన పిందెలు ఏరుతున్నాడు, పచ్చట్లోకి.

"తాతా, నువ్వొచ్చి నర్సమ్మతో ఒక్కమాట చెప్పాలి. ఆ ఎక్కువ లెక్క ఆమె మొగుడిదేనని చెప్పు. నేనన్నది తప్పని నేనూ చెబుతాను."

తల కుడి పక్కకి వాల్చాడు. "మీరన్నది తప్పు కాదు గదండి."

"కాదు. అయినా చెబుతాను."

"నేను చెప్పలేనండి. ఆ మనిషిని నేను ఒక్కసారే చూశాను. ఉన్నాడో లేడో తెలీని మనిషిని ఉన్నాడని ఎట్టా లెక్కెయ్యను?"

కోపం వచ్చింది. "మరి ఎవరూ లేని చాపను ఎలా లెక్కేశావ్? ఎవరిది ఆ లాభం?"

పిందెల బుట్ట కింద పెట్టాడు. ఇంత పొడుగ్గా మాట్లాడటం ఆయన దగ్గర నేను అంతకుముందు వినలేదు, మళ్లీ వినలేదు.

"కాయలకైతే లాభం మీదండి. మనుషుల్లో లాభం ఎవరిదని ఎవరి మీద చెయ్యి పెట్టి అనను? మొదటి శనివారం ఎవరి మీదా పెట్టబుద్ధి కాలేదు. పైగా ఎవరెప్పుడొస్తారో తెలీని రోజులు. అందరూ వచ్చేశారని లెక్క మూసేస్తే, ఆనక వచ్చినోడు ముష్టోడైపోతాడండి. మన దాంట్లోంచి తీసి పెట్టాలి, ఆడు దణ్ణం పెట్టాలి. ముందే లెక్కలో ఉన్నాడనుకోండి, చుట్టమైపోతాడు. ఆడి కుప్ప ఆడు తింటాడు. అంతేనండి."

మద్రాసులో నాకు తర్కం చెప్పినవాళ్లెవరూ ఇలాంటిది చెప్పలేదు. దీనిలో తప్పెక్కడుందా అని చాలాసేపు వెతికాను, అలవాటు కొద్దీ.

"ఇదే చెప్పు ఆమెకు" అన్నాను చివరికి.

ఇద్దరం వెళ్లాం. చెట్టు కింద నర్సమ్మ మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది, గాజులు ఎవరికీ కనపడకుండా. వాళ్ల బావ కాస్త దూరంగా బండి నొగ మీద కూర్చున్నాడు. లెక్క తాత ఆమెకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, కాయల కుప్ప ముందు కూర్చున్నట్టే.

"అమ్మా, నిన్న అమ్మాయిగారు చెప్పింది నిజం. నీ పెనిమిటిని నేను లెక్కెయ్యలేదు."

"ఇన్నవా?" అన్నాడు వాళ్ల బావ.

"ఉన్నాడని నేను చెప్పలేను. పోయాడనీ చెప్పలేను. చూడందే కాయకీ లెక్క చెప్పను, మనిషికీ చెప్పను."

"మరి ఆ కుప్ప ఎవలదయ్యా?" అంది నర్సమ్మ. 

"రావలసినోళ్లది."

ఆమె తలెత్తింది. "రావలసినోళ్లల్ల ఆయన లేడా?"

"నన్నడుగుతావేంటి? నీ పెనిమిటి. నువ్వు చెప్పాలి."

 నర్సమ్మ కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఉన్నడు" అంది.

వాళ్ల బావ ఒక్కసారిగా లేచాడు. "ఎన్నాళ్లే? ఎన్నాళ్లు? వాడు నా తమ్ముడు! బుక్కెడు నీళ్లొదలకుండ ఎన్నాళ్లు తిప్పమంటవు వాణ్ణి?" అని, నిలబడినవాడు నిలబడినట్టే ఏడ్చాడు. రాత్రంతా కర్కోటకుడని నేను ఊహించుకున్న మనిషి అతను. అప్పుడు తెలిసింది నాకు, ఇద్దరూ ఒకే మనిషి కోసం పోట్లాడుకుంటున్నారని.

ఇక నా నోటికి పని దొరికింది. "చంపడం చూసిందెవరు?" అన్నాను.

"బండోళ్లు చెప్పిన్రమ్మా."

"వాళ్లు కళ్లతో చూశారా?"

"ఎవలో చెప్తే ఇన్నరట."

"ఆ చెప్పినవాళ్లు చూశారా?"

అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "దారులు తెరిస్తే నేనే పోయి సూసొస్త" అన్నాడు. కాసేపటికి, "అందాక ఉండనియ్యి" అన్నాడు నర్సమ్మ వైపు చూడకుండా.

ఉండనిచ్చాడు. ఆ వేసవిలో అటువాళ్లంతా మా కోతల్లో పనిచేశారు. శనివారాలు నడిచాయి. నర్సమ్మ ప్రతివారం వచ్చి గుమ్మం పక్కనే కూర్చునేది. వాళ్ల బావ కూడా వచ్చి దూరంగా నిలబడేవాడు. కోతలు అయ్యేసరికి కూర్చునే దాకా వచ్చాడు. వానలు వెనకబట్టాక సైన్యం అటు వెళ్లింది, గొడవలు చల్లారాయి, దారులు తెరుచుకున్నాయి. అందరూ బండ్లు కట్టుకుని వెళ్లిపోయారు. నర్సమ్మ కూడా వెళ్లింది. తోట బోసిపోయింది. కోటమ్మ బావి దగ్గర ఒంటరిగా నీళ్లు తోడుకుంటూ బొక్కెనను తిట్టేది.

మార్గశిరంలో ఒకరోజు నర్సమ్మ తిరిగొచ్చింది. ఒక్కతే. నెత్తిన మూట. చేతులకు గాజులు లేవు, నుదుట బొట్టు లేదు.

బావా తనూ కలిసి వెళ్లి వెతికారట. మనిషిని వాగు ఒడ్డున చూసిన గొర్లకాపరి దొరికాడు. ఎడ్ల దాకా కూడా చేరలేదట పాపం. ఇక్కణ్ణుంచి బయల్దేరిన రెండో రోజునే పోయాడు. దగ్గరి ఊరివాళ్లే అక్కడ దహనం చేశారు. అంటే మొదటి శనివారం భజన జరిగే నాటికే అతను లేడు.

లెక్క తాతా నేనూ పాకలో ఉండగా ఆమె ఈ సంగతి చెప్పింది. విన్నాక నా లోపల ఏదో తన్నుకొచ్చింది. ఆమె ముందే అనేశాను. "చూశావా తాతా? ఇన్నాళ్లూ ఈవిడకు లేని ఆశ పెట్టాం. మోసం చేశాం."

ఆయన తల దించుకున్నాడు. జవాబు చెప్పింది నర్సమ్మ.

"ఏం మోసమమ్మా? ఆనాడు మా బావ మాట మీద గాజులు తీస్తే, ఎవలో చెప్పిన సావుకు నేను ఏడ్చేదాన్ని. ఇప్పుడు నేను పోయిన. సూసిన. ఆ మట్టి ముట్టుకున్న. నా చేతుల్తోని నేనే తీసిన. చదువుకున్నవు గద, రెండూ ఒకటేనా?"

ఒకటి కాదు. కాదని ఒప్పుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

"ఎదురుసూసుడు ఒక్కదాన్నే సూస్తే పిచ్చిదాన్నయ్యేదాన్ని. ఇంతమందిల కూసొని సూసిన" అంది.

మీ ఊళ్లో ఇల్లుంది కదా, ఇక్కడికెందుకొచ్చావని అడిగాను. ఈ ప్రశ్నయినా మెత్తగానే అడిగాననుకుంటున్నాను. "ఇల్లుంది" అంది. మూట దించి పాక మూలన పెట్టుకుంది.

ఆ శనివారం నర్సమ్మ భజనకు వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చోలేదు. వెనక గోడకు ఒదిగి కూర్చుంది. ఆడవాళ్లు కొంచెం కొంచెంగా జరిగారు. అనేదేమీ లేదు, జరిగారు. మా ఊళ్లో భర్త పోయిన మనిషి ఎదురొస్తేనే వెనక్కి తిరిగి మంచినీళ్లు తాగి బయల్దేరతారు. ఇక శుభమంటూ మొదలుపెట్టే లెక్కలో ఆమె ఎక్కడుండాలి? చివర. కలిపితే.

పాటలయ్యాయి. లెక్క తాత లేచాడు. గుమ్మం పక్కన చాప కొసను అరచేత్తో తాకి "లాభం" అన్నాడు. ఆ పక్కన కూర్చున్న మనిషి తనే రెండు అనుకుని సర్దుకుని కూర్చుంది. ఆయన ఆమెను దాటి, అందరి మధ్య నుంచి నెమ్మదిగా నడిచి, వెనక గోడ దాకా వెళ్లాడు. నర్సమ్మ తల మీద చెయ్యి పెట్టాడు.

"రెండు" అన్నాడు. "రెండు, రెండు, రెండూ..." అని సాగదీశాడు, అందరికీ వినపడాలని. ఆ తర్వాతే మూడు.

కుప్పలు పెట్టడం అయ్యాక చేటను నర్సమ్మ చేతికిచ్చి, "నడుం పట్టేసిందమ్మా, నువ్వు పంచు" అన్నాడు. ఆయన నడుముకు ఏమీ లేదు. ఆ పొద్దున్నే నిచ్చెనెక్కి పాక కప్పు సర్దాడు.

నర్సమ్మ చేట పట్టుకుని లేచింది. ముందు వరసలో ఆడవాళ్ల చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.  ఆమె అలాగే నిలబడింది, ముందుకూ వెనక్కీ కాకుండా. నా పీట వెనక వరసలో ఉంది. అక్కణ్ణుంచి అరవబోయాను, ఏమని అరవాలో తెలియక నోరు మూసుకున్నాను.

కోటమ్మ చెయ్యి చాపింది. నర్సమ్మ అందులో కుప్ప పెట్టింది. కోటమ్మ అరచేతిలోకి చూసుకుని, పాకంతా అదిరేలా అంది:

"ఇదేంటే, బెల్లం ఎలక కొరికినంత పెట్టావ్? ఇన్నాళ్లకొచ్చి ఇదా నీ మర్యాద? ఇంకో ముక్క పెట్టు. పెట్టవే!"

నర్సమ్మ ఇంకో ముక్క పెట్టింది.